బ్యాగు కూర్చున్న కుర్చీ

పొద్దున ఏడున్నరకు ట్రావెల్ ఆఫీసు ముందున్న సిమెంటు జాగ ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసి ప్రవీణ లోపలికి వచ్చేసరికి యజమాని మహేందర్ అప్పటికే కంప్యూటరు ముందు కూర్చుని తల గోక్కుంటున్నాడు. తొమ్మిదిన్నర దాటితే గాని మొహం చూపించని మనిషి. ఏదో పెద్ద పనే పడి ఉండాలి.

"అక్కా, నువ్వు దుబాయిల ఉండి వచ్చినవా, మస్కట్ల ఉండి వచ్చినవా?" అన్నాడు తల తిప్పకుండానే.

"రెంట్లల్ల ఎన్నడు లేను సారూ. లార్నాకల ఉన్న. సైప్రస్ దేశం. తొమ్మిదేండ్లు."

ఆ ఆఫీసులో చీపురు పట్టిన రెండేళ్ళలో ఆమె ఈ మాట అతనికి చెప్పడం ఇది నాలుగోసారి. మూడుసార్లు అతని చెవికెక్కలేదు, ఎందుకంటే అవసరం పడలేదు. ఈసారి మహేందర్ కుర్చీ గిర్రున ఇటు తిరిగింది.

"లార్నాక? సముద్రమొడ్డుది? నిజమేనా?"

"అబద్ధం చెప్తె నాకేమొస్తది సారూ."

సంగతి ఇది. ఒక విత్తనాల కంపెనీ ఎక్కువ సరుకు అమ్మిన పన్నెండు మంది డీలర్లకు, వాళ్ళ భార్యలకు నవంబరులో ఐదు రోజుల విహారయాత్ర ఇచ్చింది. అందరూ సిద్దిపేట, చేర్యాల, మద్దూరు దుకాణాల వాళ్ళు. ఊరు కూడా కంపెనీయే తేల్చింది: లార్నాక. ఏర్పాట్లన్నీ మహేందర్‌కు అప్పజెప్పింది. ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, ఏం చూడాలి అని ఒక చిన్న పుస్తకం అచ్చేసి ఆదివారం నాటికి అందరికీ పంచాలి. మహేందర్ నెట్టులో వెతికితే ఒకడు తూర్పంటే ఇంకొకడు పడమరంటున్నాడు.

"నువ్వు చెప్పక్కా, నేను కొట్టుకుంట," అన్నాడు కీబోర్డు దగ్గరికి లాక్కుని.

ప్రవీణ స్టవ్వు మీద చాయ్ పెట్టి, వెనక్కి తిరగకుండానే మొదలుపెట్టింది. నెయ్యి మిఠాయి, మటన్ తొక్కు పెట్టెల్లో పెట్టొద్దు, మాంసం, పాల సరుకు వాళ్ళు లోపలికి రానియ్యరు. మామిడికాయ తొక్కుకు ఫికరు లేదు. కరెంటు ప్లగ్గు మూడు చదరపు కాళ్ళది, అడాప్టరు ఇక్కడే కొనుక్కోవాలి. బండ్లు మనలెక్కనే ఎడమదిక్కు నడుస్తాయి, రోడ్డు దాటడానికి భయం లేదు. అక్కడ సముద్రం కూడా మంచిది, చెరువు లెక్క చప్పుడు చెయ్యకుండా ఉంటుంది. నడుంలోతు రావాలంటే చానా దూరం నడవాలి. మెజే అని ఒక భోజనం ఉంటుంది. ముందొచ్చిన గిన్నెలు చూసి ఇంతేనేమో అనుకుని రొట్టెలతో కడుపు నింపుకున్నవాడు మోసపోతాడు. ఇరవై రకాలు వస్తూనే ఉంటాయి. మెల్లగా తినాలి, వద్దన్నప్పుడు నిజంగానే వద్దనాలి. మన దగ్గరలాగా మొహమాటానికి వద్దంటే వాళ్ళు నిజంగానే తీసుకపోతారు.

"ఒక్కపొద్దులోళ్ళు ఉంటె?" అన్నాడు మహేందర్ టకటకా కొడుతూ.

"వాళ్ళకూ ఒక్కపొద్దులుంటయి సారూ. నవంబరు నడుమ నుంచి క్రిస్మస్ దాకా మాంసం, గుడ్డు, పాలు ముట్టరు కొందరు. రొట్టెల దుకాన్ల 'నిస్తీసిమో' అని అడగాలె. గా మాట అంటె గవేవీ లేని తిండి ఇస్తరు. పూర్గూరి అని గోధుమరవ్వ ఉప్మా ఉంటది. టమాట ఏస్తరు. మన తొక్కు నంజుకుంటె ఇంట్ల తిన్నట్టే."

"కాఫీ?"

"కాఫీకి చక్కెర ముందే చెప్పాలె. ఏమొద్దంటె 'స్కేతో', నడిమిరకం 'మేత్రియో', ఎక్కువంటె 'గ్లికో'. పొయ్యి మీదనే చక్కెరేసి మరగబెడ్తరు. చేసినంక కలిపితె అడుగున గసి లేసి పాడైతది. ముందే అడగాలె."

చాయ్ గ్లాసు అతని ముందు పెట్టింది. మహేందర్ ఒక గుక్క తాగి, రోజూ అనే మాటే అన్నాడు.

"చక్కెర తక్కువైందక్కా."

మూడు పేజీలు నిండాయి. మహేందర్ చేతులు పైకి చాచి విరుచుకున్నాడు. ఆ క్షణం కోసమే కాచుకున్నట్టు ప్రవీణ గుమ్మం దగ్గర నిలబడి అడిగేసింది.

"సారూ, గా ఇర్వై నలుగురితోని టూర్ మేనేజరని ఒక సీటు ఉన్నది గద. గది నాకియ్యుండ్రి."

మహేందర్ నవ్వాడు. కోపంగా కాదు, వెటకారంగా కాదు. ఇంట్లో చిన్నపిల్ల చందమామ కావాలంటే నవ్వినట్టు నవ్వాడు. అంతకన్నా తిట్టడమే నయం.

"పాస్‌పోర్టు ఉన్నదా ఇంక?"

"పోయినేడు కొత్తగ చేయించిన."

"ఎందుకు?"

"పోయేతందుకు."

"అక్కా, ఏమనుకోకు. మేనేజరంటె బూట్లు, టై, ఇంగ్లీషు. హైదరాబాద్ నుంచి ఒకాయన్ని మాట్లాడిన. నువ్వు గాడ ఏం పని చేసినవో గీ డీలర్లకు తెలుస్తది. పటేండ్లు, వాళ్ళ ఇండ్లోళ్ళు, మునుపు గాడ బాసాన్లు తోమిన మనిషి ఎనుక నడుస్తరా చెప్పు?"

ఒక ఊరిని అద్దాల బస్సులోంచి మూడు రోజులు చూసొచ్చినవాడు అనుభవం గలవాడు. అదే ఊరి మెట్లు తొమ్మిదేళ్ళు తుడిచినామెకు మాత్రం ఆ ఊరు తెలియదు. ఈ దిక్కుమాలిన తీర్పు మహేందర్ ఒక్కడిదే అయితే తిట్టి ఊరుకోవచ్చు. అతనికి అది తీర్పని కూడా తెలియదు. గాలి పీల్చినట్టు అనేశాడు, చాయ్ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. ప్రవీణ ఆ గ్లాసు తీసుకుని కడిగి బోర్లించింది.

ఆమెకు కావలసింది టై కాదు, గుంపు ముందు పట్టుకునే జెండా కాదు. ఒక కుర్చీ. లార్నాక సముద్రమొడ్డున ఈతచెట్ల వరుస కింద కాఫీ దుకాణాలుంటాయి, ఒక్కో బల్లకు రెండు కుర్చీలు. చివరి నాలుగేళ్ళు ప్రవీణ ఎలేని అనే ముసలామెను చక్రాల కుర్చీలో తోసుకుంటూ రోజూ సాయంత్రం నాలుగింటికి అక్కడికి తీసుకుపోయేది. చక్రాల కుర్చీ బల్ల దగ్గర పెట్టి, బ్రేకు వేసి, ముసలామెకు కాఫీ తానే చెప్పేది, మేత్రియో అని. ముసలామె మంచిదే. కాని ఆమె చేతిబ్యాగుకు ఒక చోటు కావాలి గదా. ఒక కుర్చీ పక్కకు లాగేసి చక్రాల కుర్చీ పెడితే మిగిలిన రెండో కుర్చీలో బ్యాగు కూర్చునేది. వెనకాల ప్రవీణ నిలబడేది. నాలుగేళ్ళు. బ్యాగును కింద పెట్టాలని ముసలామెకు తోచలేదు, దుకాణం వాడికి తోచలేదు, నిజం చెప్పాలంటే ప్రవీణకు కూడా తోచలేదు. ఇంటికొచ్చాక, ఏడాది తర్వాత, ఒక రోజు చీపురు పట్టుకుని ఉండగా తోచింది. అప్పటినుంచి ఆ కుర్చీ ఆమెను వదల్లేదు.

శుక్రవారం పుస్తకాలు అచ్చై వచ్చాయి. నున్నటి కాగితం. అట్ట మీద ఈతచెట్లు, సముద్రం, వాటి ముందు చేతులు కట్టుకుని నవ్వుతున్న మహేందర్. ఆ ఫోటో ఆఫీసు గోడ ముందు నిలబెట్టి తీసిందే, వెనకాల సముద్రం తర్వాత అతికించారు. కింద 'అనుభవంతో రాసినవారు: మహేందర్' అని ఉంది.

ప్రవీణ కట్ట విప్పి బల్ల మీద పేరుస్తూ ఒకటి తెరిచి చదివింది. మటన్ తొక్కు ఉంది. నిస్తీసిమో ఉంది. చెరువు లెక్క సముద్రం ఉంది. తన నోటి మాటలన్నీ సున్నం కొట్టిన గోడ మీది రాతల్లా నల్లగా మెరుస్తున్నాయి.

"ఒక తప్పు పడ్డది సారూ."

"యాడ?"

"కాఫీ కాడ. 'చక్కెర తర్వాత కలుపుకోవచ్చు' అని పడ్డది. ముందే అడగాలె అని చెప్పిన."

"అబ్బా, గంత చిన్నదానికి. ఎవ్వలు చూస్తరక్కా?"

"నా పేరు వేస్తె నేను చూసుకుందును," అంది ప్రవీణ. అని, వెళ్ళి బకెట్టు నింపుకుంది. మహేందర్ కాసేపు తన ఫోటో వంకే చూసుకున్నాడు. ఆ పూట చాయ్‌లో చక్కెర తక్కువైందని అనలేదు.

ఆదివారం పదింటికి ఆఫీసు ముందు సిమెంటు జాగలో టెంటు వేసి, ప్లాస్టిక్ కుర్చీలు పరిచారు. డీలర్లు భార్యలతో వచ్చారు. ఎరువుల వాసన, కొత్త చీరల వాసన కలిసి ఒక తమాషా వాసన. మద్దూరు దుబ్బయ్య పుస్తకం అందుకోగానే దాన్ని విసనకర్ర చేశాడు. డీలర్ల సంఘం అధ్యక్షుడు ప్రభాకర్ తెల్ల చొక్కాలో ముందు వరుసలో కూర్చున్నాడు. అతని భార్య లక్ష్మమ్మ కారు దిగి ఆ ముందు వరుస దాకా రావడానికి ఐదు నిమిషాలు పట్టింది. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. చేతికర్ర ఉంది గాని, పదిమందిలో అది పట్టుకోవడం నామోషీ అని భర్త భుజం పట్టుకుంది.

మహేందర్ తెర మీద బొమ్మలు వేసి చెప్పడం మొదలుపెట్టాడు. ఇది కోట. ఇది చర్చి. ఇది ఉప్పు చెరువు, చలికాలం గులాబీ రంగు కొంగలొస్తాయి.

"హోటలు తూర్పు మొకం ఉన్నదా?" అన్నాడు ప్రభాకర్. "పడమటి మొకమైతె నేను పండుకోను."

"ఉంటది మామా, కనుక్కుంట."

"హోటలు కాన్నుంచి సముద్రం ఎన్ని అడుగులు?" అన్నాడు దుబ్బయ్య.

"కనుక్కుంట."

"రూముల కుక్కర్ పెట్టుకోవచ్చునా? పన్నెండు రూములు, పన్నెండు కుక్కర్లు. మేమంత బియ్యం కట్టుకుంటున్నం."

మహేందర్ పుస్తకం తిరగేశాడు. అందులో కుక్కర్ లేదు.

"కనుక్కుంట," అన్నాడు మూడోసారి, తగ్గిన గొంతుతో.

"అన్ని కనుక్కుంట అంటివి. మల్ల గీ అట్ట మీద అనుభవం ఎవ్వలది?" అన్నాడు దుబ్బయ్య. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడు లక్ష్మమ్మ, ఎవరూ అడక్కుండానే, మెల్లగా అంది. "నా పేరు తీసెయ్యుండ్రి. దవాఖాన మెట్లే ఎక్కస్తలేదు. నాకెందుకు సముద్రం. గాయన ఒక్కడే పోతడు."

ప్రభాకర్ పక్కకు చూశాడు. "ఇంటికాడ సుత గిదే పాట," అన్నాడు. బతిమిలాడి బతిమిలాడి అలిసిపోయిన గొంతు అది.

ప్రవీణ అప్పుడే చాయ్ పళ్ళెంతో రెండో వరుస దాటుతోంది. ఆగింది.

"అమ్మా, మీరు మంచిగ రావచ్చు. గా ఊర్ల కుర్చీ యాడ ఎక్కుతది, యాడ ఎక్కది, నాకెరుక."

అందరూ తిరిగి చూశారు. మహేందర్ "అక్కా, చాయ్..." అని ఏదో అనబోయాడు. ప్రవీణ పళ్ళెం దుబ్బయ్య చేతిలో పెట్టేసింది. ఆయన నోరు తెరిచి, పళ్ళెం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆమె లోపలికి పోయి ముగ్గుపిండి డబ్బా తెచ్చింది.

"జరంత కుర్చీలు వెనుకకు జరుపుండ్రి."

మొదట గేటు పక్కన, తూర్పు వైపున, గట్టు పొడుగునా అలలు వేసింది. వేళ్ళ మధ్యనుంచి పిండి సన్నగా, తెగకుండా జారింది. అలల పక్కన ఉత్తరం నుంచి దక్షిణానికి మగ్గం మీద నూలు పోగులా ఒక గీత. "గిది ఒడ్డు రోడ్డు." గీత పొడుగునా ఈతచెట్లు, ఒక్కోటి మూడు గీతల్లో. కొసకు కోట. కోట వెనకాల చర్చి. పడమటగా ఉప్పు చెరువు, దాని కిందగా విమానాల అడ్డ. హోటలుకు ఒక చదరం. చూస్తుండగానే సిమెంటు నేల మీద ఒక ఊరు లేచింది.

"సముద్రమే తూర్పు దిక్కున్నది పటేలా," అంది నడుం ఎత్తకుండానే. "మీ వాస్తుకు సముద్రమే అడ్డం తిరిగొచ్చింది. కుక్కర్లు మాత్రం వద్దు. పన్నెండు ఒక్కసారి పెడ్తె హోటలంత చీకటైతది. ఒక్క కుక్కర్ తీస్కపోయి వంతులేసుకోండ్రి."

తర్వాత చుక్కలు మొదలుపెట్టింది. చుక్కల ముగ్గు పెట్టే ఆడవాళ్ళందరికీ తెలిసిన పనే అది, ఇంతకుముందు ఎవరూ ఇలా వాడలేదు అంతే. "చుక్క ఉన్న కాడ కుర్చీ దిగేతందుకు వాలు ఉంటది. రెండు చుక్కలున్న కాడ నీడకు బెంచి. చుక్క చుట్టు సున్న పెడ్తె మరుగుదొడ్డి." చుక్క నుంచి చుక్కకు గీత కలిపింది. హోటలు నుంచి ఒడ్డు రోడ్డుకు, ఒడ్డు రోడ్డు మీంచి కోట దాకా, ఎక్కడా మెట్టు లేకుండా ఒక దారి తేలింది.

దుబ్బయ్య పళ్ళెం పక్కన పెట్టి, చెప్పులు విడిచి, జాగ్రత్తగా చదరంలో నిలబడ్డాడు. "నేను హోటల్ల ఉన్న. ఆకలైతుంది. ఎటు పోవాలె?"

"గేటు దిక్కు తిరుగుండ్రి. నాలుగు అడుగులు. ఆగుండ్రి, బండ్లు చూసుకోండ్రి. ఎడమకు తిరిగితె రొట్టెల దుకాను."

"నిస్తీసిమో," అన్నాడు దుబ్బయ్య గాలిలోకి చెయ్యి చాచి. టెంటంతా గొల్లుమంది. చేర్యాల డీలరు భార్య లేచి చర్చి దాకా నడిచింది. ఇంకొకాయన సముద్రంలో దిగి, పంచె పైకి ఎత్తి పట్టుకున్నాడు. ఇద్దరు ఉప్పు చెరువులో కొంగలయ్యారు. నడివయసు మనుషులు, రైతులతో బేరాలాడి మొద్దుబారిన మనుషులు, ముగ్గు చెరగకుండా మునివేళ్ళ మీద నడుస్తూ ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. ఎవరి చేతిలోనూ పుస్తకం లేదు.

లక్ష్మమ్మ లేవలేదు గాని ముందుకు వంగి చూస్తోంది. "గా రెండు చుక్కల కాడికి నేను పోవచ్చునా బిడ్డా?"

"పోవచ్చమ్మా. నేను రోజు పోయిన. గాడ కూసుంటె ఎదురుంగ నీళ్ళే."

ప్రభాకర్ భార్య మొహం చూశాడు. రెండేళ్ళుగా ఆ మొహంలో కనిపించనిదేదో కనిపించింది కాబోలు, కుర్చీ చేతులు చరిచి లేచాడు.

"అయిపాయె. మహేందర్, ఈమెను సుత మాతోని తీస్కపోదాం. మా ఆమె కుర్చీ ఈమె తోస్తది. టికెట్టు నేను పెట్టుకుంట. ఏమంటవమ్మా?"

చప్పట్లు పడ్డాయి. ఆడవాళ్ళు "మంచి మాట, మంచి మాట" అన్నారు. మహేందర్ గుండెల మీది బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. ఎవరి దృష్టిలోనూ అందులో తప్పు లేదు. అడగకుండానే దేవుడు వరమిచ్చినట్టే గదా. అందరూ ఆమె చేతులెత్తి దండం పెడుతుందనే చూశారు.

ప్రవీణ చేతులకున్న పిండి దులుపుకుంది.

"నేనెక్కడ కూసుంట పటేలా?"

"ఏంది?"

"కాఫీ దుకాన్ కాడ. అమ్మ కుర్చీల ఉంటది. మీరొక కుర్చీల ఉంటరు. నేనెక్కడుంట?"

ప్రభాకర్‌కు అర్థం కాలేదు. "నువ్వు... గక్కడనే ఉంటవు. ఎనుక."

"ఎనుక నేను నాలుగేండ్లు నిలబడ్డ. మల్ల నిలబడను. నేను కుర్చీ తొయ్య."

చప్పట్లు తెగిపోయాయి. ప్రభాకర్ మెడ ఎర్రబడింది. ఆయనకు కాదనిపించుకోవడం అలవాటు లేదు, అందులోనూ చీపురు పట్టే మనిషి చేత. ప్రవీణ గొంతు పెంచలేదు.

"తొయ్యుడు మీకు నేర్పిస్త. మీ ఆమెను మీరే తోసుకోండ్రి. రేపు పొద్దుగాల ఆరున్నరకు కోమటిచెరువు కట్టకు రాండ్రి, కుర్చీ ఒకటి పట్టుకోని. గంటల వస్తది."

"నేను తోస్తనా?" అన్నాడు ప్రభాకర్. "ఊరంత చూడంగ?" భార్యకు భుజం అందించి కారెక్కాడు.

మీటింగు అక్కడే చెదిరిపోయింది. మహేందర్ టెంటు గుంజ పట్టుకుని నిలబడ్డాడు. "చేతికొచ్చిన సీటు పారగొట్టుకున్నవు గదక్కా. నోరు జర ఊకుంటె ఏమాయె?"

"గది సీటు కాదు సారూ," అంది ప్రవీణ, కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి పేరుస్తూ. "గది నిలబడే జాగ."

ముగ్గు మాత్రం ఆమె ఊడ్వలేదు. ఆ సాయంత్రం దాకా దారినపోయేవాళ్ళు ఆగి ఆగి చూశారు.

సోమవారం పొద్దున ఆరున్నరకు ప్రవీణ కోమటిచెరువు కట్ట మీద నిలబడింది. వస్తారో రారో తెలియదు. రాకపోతే సీటూ లేదు, బహుశా చీపురూ లేదు. నడకకొచ్చిన వాళ్ళు బూట్లు టకటకలాడించుకుంటూ దాటిపోతున్నారు. నీళ్ళ మీద ఇంకా మంచు తెర ఉంది. పావు గంట గడిచింది. ఆమెకు పాస్‌పోర్టు దాచిన బియ్యం డబ్బా గుర్తొచ్చింది. ఇంకో పావు గంట చూద్దామనుకుంది.

కారు వచ్చి ఆగింది. ముందు మహేందర్ దిగి, డిక్కీలోంచి కిరాయికి తెచ్చిన మడత కుర్చీ లాగాడు. తర్వాత ప్రభాకర్, నెత్తికి మఫ్లరు చుట్టుకుని, ఎవరూ గుర్తుపట్టకూడదన్నట్టు. అందరికన్నా చివర లక్ష్మమ్మ, పట్టుచీర కట్టుకుని.

"పండుకోనియ్యలె," అన్నాడు ప్రభాకర్ భార్య వైపు గడ్డం చూపించి. "నాలుగింటికే లేసి తయారైంది."

"ఎట్ల పండుకుంటరు?" అంది లక్ష్మమ్మ. "రెండు చుక్కల కాడికి పోవాలె గద."

ప్రవీణ కుర్చీ తెరిచి, నొక్కి చూసింది. "బ్రేకు ఏసినంకనే కూసోబెట్టాలె. కాళ్ళు పలక మీద పెట్టినంకనే కదలాలె. కదిలే ముందట చెప్పాలె, పోదమా అని. చెప్పకుంట గుంజొద్దు, మనిషి అది, యూరియా బస్త కాదు."

"వింటున్నవా?" అంది లక్ష్మమ్మ.

ప్రభాకర్ చేతులు పిడులమీద పెట్టాడు. మొదటి పది అడుగులు కుర్చీ పాము నడక నడిచింది. వాలు దగ్గర ముందుకు దింపబోతే ప్రవీణ అడ్డం నిలబడింది. "ఎనుకకు తిరుగుండ్రి. దిగుడుల మీరు ముందు, కుర్చీ ఎనుక. బరువు మీ మీద పడాలె, ఆమె కిందికి జారొద్దు." ఆయన వెనక్కి తిరిగి, ఒక్కో అడుగూ తడుముకుంటూ దిగాడు. నుదుట చెమట. మఫ్లరు విప్పి మెడకేసుకున్నాడు. అంతే, నడకకొచ్చిన ఒక రైతు గుర్తుపట్టనే పట్టాడు.

"ఏంది పటేలా, దవాఖానకా?"

ప్రభాకర్ మఫ్లరు మళ్ళీ పైకి లాక్కోబోయాడు. లక్ష్మమ్మ తల తిప్పి తనే చెప్పింది.

"కాదు. లార్నాకకు."

రైతు అదెక్కడో కొత్త దవాఖాన అనుకుని తలూపి పోయాడు. ప్రభాకర్ నవ్వడం మొదలుపెట్టాడు. ఆగకుండా నవ్వాడు, కుర్చీ కూడా ఊగేంత. ఆ తర్వాత అతని నడక మారింది. ఎవరైనా ఎదురొస్తే తనే ముందు పలకరించాడు. రెండోసారి వాలు దిగినప్పుడు ప్రవీణ చెయ్యి అడ్డం పెట్టే అవసరం రాలేదు. మూడోసారి ఆమె అసలు వెంట పోలేదు. కట్ట మీదే నిలబడి, వాలు దిగి అటు తిరిగి వాళ్ళు సాగిపోవడం ఎత్తు నుంచి చూసింది. వెనక నుంచి చూస్తే కుర్చీ తోసేవాడి వీపు ఎలా ఉంటుందో ఆమె జీవితంలో చూడటం అదే మొదటిసారి.

కట్ట కొసన ఒక చాయ్ బండి, దాని ముందు ప్లాస్టిక్ బల్ల, పక్కన రెండు కుర్చీలు. ప్రభాకర్ ఖాళీగా ఉన్న వైపు లక్ష్మమ్మ కుర్చీ చక్కగా ఆనించి, చెప్పకుండానే బ్రేకు వేశాడు. ఒక కుర్చీలో తను కూలబడ్డాడు. భార్య ఒళ్ళో ఉన్న చేతిబ్యాగు తీసి, మిగిలిన కుర్చీలో పెట్టాడు. మంచి మనసుతోనే పెట్టాడు. ఆమెకు బరువు ఎందుకని.

ప్రవీణ ఆ బ్యాగు వంక చూసింది. తోలు బ్యాగు, ఇత్తడి గుండీ. దేశం వేరు, మనుషులు వేరు. బ్యాగు మాత్రం అదే తీరుగా కూర్చుంది.

ఆమె వంగి, రెండు చేతులతో బ్యాగు ఎత్తి, ప్రభాకర్ ఒళ్ళో పెట్టింది. పెట్టి, కుర్చీలో కూర్చుంది. వీపు పూర్తిగా ఆనించి కూర్చుంది.

ప్రభాకర్ ఒళ్ళో బ్యాగు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, నిన్న టెంటు కింద ఆమె అడిగిన ప్రశ్న అప్పుడు వచ్చి అతనికి తగిలింది. బ్యాగును రెండు చేతులతో పట్టుకుని, బుద్ధిమంతుడిలా అలాగే కూర్చున్నాడు. ఎదురుగా నీళ్ళ మీద మంచు తెర విడిపోతోంది. కూర్చుంటే నీళ్ళు ఇంకోలా కనిపిస్తాయని ప్రవీణ గమనించింది. కళ్ళకు సమంగా వస్తాయి.

"మహేందర్," అంది లక్ష్మమ్మ నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా. "నువ్వు మేనేజరని చెప్పిన హైదరాబాదాయనకు గా ఊర్ల చుక్కలు ఎరుకేనా?"

"ఎరుక లేదత్తమ్మా."

"మరెట్ల? నేను పోవాలంటె గీమె ముందట నడవాలె. తోసుడు మా ఆయన తోస్తడు, నేర్సుకున్నడు. మేనేజరు సీటు గీమెకు రాయి. బూట్లు లేకున్న మాకు ఫికరు లేదు."

"సంఘం తరపున నేను చెప్తున్న," అన్నాడు ప్రభాకర్, ఒళ్ళో బ్యాగుతోనే. "రాయి."

మహేందర్ ఫోను తీశాడు. ఫారం తెరిచాడు. పేరు, పుట్టిన తేదీ అడిగి కొట్టాడు. 'వృత్తి' అన్న గడి దగ్గర వేలు ఆగింది. తర్వాత టూర్ మేనేజర్ అని కొట్టి, ఫోను ఆమె వైపు తిప్పి చూపించాడు.

"స్పెల్లింగు కరెక్టేనా చూడక్కా. మల్ల తప్పు పడొద్దు."

ఆమె చూసి తలూపింది. పుస్తకం మీది పేరు సంగతి ఆమె అప్పుడు ఎత్తలేదు. దాని సంగతి ఆఫీసులో చూసుకోవచ్చు, ఇంకా నవంబరు రాలేదు. అచ్చేసింది మళ్ళీ అచ్చెయ్యొచ్చు.

కూర్చోవడానికి ఇంకో కుర్చీ లేదు. మహేందర్ కాసేపు అటూ ఇటూ చూసి, చాయ్ బండి దగ్గరికి నడిచాడు. బండివాడు గిన్నెలో పాలు పోస్తున్నాడు. నాలుగు గ్లాసులు అని వేళ్ళు చూపించి, చక్కెర డబ్బా మూత తియ్యబోతున్న బండివాడి చెయ్యి పట్టుకుని ఆపాడు మహేందర్. వెనక్కి తిరిగాడు.

"అక్కా, నీకు చక్కెర ఎంత?"

ప్రవీణ నీళ్ళ వంక చూస్తూ, కాళ్ళు కొంచెం ముందుకు చాపుకుంది.

"మేత్రియో," అంది.